‘రక్షణ పోతుందా?’ – నల్లగొండ సాయంకాల బైబిల్ తరగతులపై సమీక్ష

నల్లగొండ పట్టణంలో ఒక సంఘం వారు తమ మందిరం వెనుక ఉన్న హాలులో వరుసగా కొన్ని సాయంత్రాలు నిర్వహించిన బైబిల్ తరగతుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. క్రీస్తు ద్వారా పాపం నుండి నిజంగా రక్షింపబడిన విశ్వాసి ఆ రక్షణను ఎప్పుడైనా పోగొట్టుకోగలడా అన్న ఒక్క ప్రశ్న మీదనే తరగతులన్నీ నడిచాయి. ప్రవేశ రుసుము లేదు. జిరాక్సు నోట్సుకు మాత్రం కొద్దిపాటి వెల తీసుకున్నారు. పొలం పనో, ఉద్యోగమో ముగించుకొని అలసిన శరీరంతో వచ్చి కూర్చునేవారి సమయానికి ఈ తరగతులు తగిన విలువ ఇచ్చాయా అని అడిగితే, ఇచ్చాయనే నా జవాబు. అయితే ఒక్క విషయంలో పెద్ద లోటు మిగిలింది, అది చిన్నది కాదు కనుక వివరంగానే చెబుతాను.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో ఇంత పదునుగా వినిపించడానికి కారణం ఉంది. రష్యా నుండి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ గారు 1890 నుండి అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున నల్లగొండలో సేవ చేశారు. ఆ తరువాత అమెరికా నుండి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ వారు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు సంఘాలు కట్టారు. బ్రిటిషు వెస్లియన్ మెతడిస్టు మిషను సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిశాయి. కథోలికులకు 1976 నుండి నల్లగొండ పేరు మీదనే మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, ఉంది. ఇక పెంతెకొస్తు మందిరాలు, స్వతంత్ర సంఘాలు లేని మండలం లేదు. ఈ సంఘాలన్నీ విశ్వాసి భద్రత గురించి ఒకే మాట చెప్పవు. అందుకే పుట్టింట్లో “ఒకసారి రక్షణ, ఎప్పటికీ రక్షణ” అని విని పెరిగిన ఆడబిడ్డ, అత్తగారింటి సంఘంలో “జాగ్రత్తగా లేకపోతే జీవగ్రంథంలోనుండి పేరు కొట్టివేయబడుతుంది” అన్న ప్రసంగం విని కలవరపడడం ఇక్కడ అరుదైన విషయం కాదు.

తరగతుల్లో నాకు బాగా నచ్చింది బోధకుడు నల్లబల్లను వాడిన తీరు. మొదటి సాయంత్రమే బల్ల మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు వాగ్దానాలు, కుడివైపు హెచ్చరికలు రాయడం మొదలుపెట్టారు. ఎడమవైపు యోహాను 10:28, రోమా 8:38–39, ఎఫెసీ 1:13–14, ఫిలిప్పీ 1:6 చేరాయి. కుడివైపు యోహాను 15:6, రోమా 11:22, కొలస్సీ 1:23, హెబ్రీ 6:4–6, హెబ్రీ 10:26, 2 పేతురు 2:20 చేరాయి. వెనుక వరుసలో ఎవరో “అయ్యగారూ, మరి ఏ వైపు నిజం?” అని అడిగితే, ఆయన సుద్దముక్క కింద పెట్టి, “రెండు వైపులా రాయించినవాడు ఒక్కడే కదా, ఏ వైపూ తుడపను” అన్నారు. చివరి సాయంత్రం దాకా ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. తన పక్షానికి సరిపడే వచనాలు చదివి, సరిపడని వాటిని దాటవేసే బోధ విని విసిగిన నాకు ఇది గొప్ప ఊరట.

బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, అంటే హెబ్రీ పత్రిక, ఆరవ అధ్యాయం చెప్పిన సాయంత్రం ఈ తరగతులన్నిటికీ ప్రాణం వంటిది. ఒకసారి వెలిగింపబడి, పరలోక సంబంధమైన వరమును రుచిచూచి, పరిశుద్ధాత్మలో పాలివారై, ఆ తరువాత తప్పిపోయినవారిని మారుమనస్సు పొందునట్లు మళ్లీ నూతనపరచడం అసాధ్యమని ఆ వాక్యం చెబుతుంది. ఇక్కడ చెప్పబడినవారు నిజమైన విశ్వాసులేననీ, వారు నిజంగానే రక్షణ పోగొట్టుకున్నారనీ కొందరి వివరణ. సంఘంలో ఉండి ఎన్నో మేలులు రుచిచూచినా తిరిగి జన్మించనివారి గురించి ఈ మాటలని మరికొందరి వివరణ. యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు అద్భుతాలు చేయడానికి పంపబడిన పన్నెండుమందిలో ఒకడే కదా అని వారు గుర్తుచేస్తారు. విశ్వాసులు ఆ స్థితికి పోకుండా ఆపడానికే దేవుడు ఈ హెచ్చరికను ఇచ్చాడని ఇంకొందరు చెబుతారు. బోధకుడు ఈ మూడింటినీ వాటి బలంతోపాటు బలహీనతతోపాటు చెప్పారు. మొదటి వివరణను పట్టుకున్నవారు తప్పిపోయినవాడు ఇక ఎన్నటికీ తిరిగి రాలేడని కూడా ఒప్పుకోవలసి వస్తుందనీ, కానీ అదే సంఘాలు వెనుదిరిగినవారిని ప్రతి ఉజ్జీవ కూటంలో తిరిగి పిలుస్తాయనీ ఆయన చూపించారు. రెండవ వివరణ పట్టుకున్నవారు ‘పరిశుద్ధాత్మలో పాలివారై’ అన్న మాటను తేలిక చేసి చదవవలసి వస్తుందని కూడా అంతే నిక్కచ్చిగా చెప్పారు.

ఆ తరువాతి వచనాలైన 7, 8, 9 మీద ఆయన నిలబడిన విధానం నాకు మరీ నచ్చింది. తనమీద తరచుగా కురిసే వర్షాన్ని త్రాగి పంటనిచ్చే భూమి ఒకటి, అదే వర్షాన్ని త్రాగి ముండ్ల తుప్పలు మొలిపించే భూమి ఒకటి అక్కడ కనిపిస్తాయి. చెలకలు దున్నుకొని వానకోసం ఆకాశం వైపు చూసే పాలమూరు, నల్లగొండ రైతులకు ఈ మాట విప్పి చెప్పవలసిన పనే లేదు. హాలులో చాలామంది తల ఊపుతుండగా ఆయన తొమ్మిదవ వచనం చదివారు. అంత భయంకరమైన హెచ్చరిక చేసిన వెంటనే పత్రిక రాసినవాడు వారిని “ప్రియులారా” అని పిలిచి, వారు ఇంతకంటె మంచి స్థితిలో, రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నానంటాడు. ఈ వచనాన్ని వదిలి ఆరవ అధ్యాయాన్ని బోధించడం అన్యాయమని ఆ సాయంత్రం నాకు స్పష్టంగా తెలిసింది.

వాగ్దానమూ హెచ్చరికా ఒకచోట ఎలా ఇముడుతాయో చూపడానికి ఆయన అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని ఎంచుకున్నారు. తుఫానులో చిక్కిన ఓడలో ఉన్నవారిలో ఎవరి ప్రాణానికీ హాని కలగదని దేవదూత పౌలుకు ముందే చెప్పాడు. అయినా ఓడవారు పడవ దింపి పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతితో అన్నాడు. సైనికులు వెంటనే పడవ త్రాళ్లు కోసివేశారు. చివరకు 276 మందీ క్షేమంగా దరి చేరారు. వాగ్దానం ఖాయమైనది, హెచ్చరికా నిజమైనది, ఆ హెచ్చరిక వినడం ద్వారానే వాగ్దానం నెరవేరింది. ఈ అంశంపై నేను విన్న బోధల్లో ఇంతకంటె నిలకడైన వివరణ మరొకటి లేదు. క్రీస్తు తన గొర్రెలలో ఒక్కదానినీ పోగొట్టుకోడనీ, ఆయన వాటిని కాపాడే సాధనాల్లో ఈ గట్టి హెచ్చరికలు కూడా ఉన్నాయనీ నేను నమ్ముతున్నాను. “ఎలా బ్రతికినా పరలోకం ఖాయం” అనే మాటకు ఇందులో చోటు లేదు. నమ్మకముంచి నిలిచినవారికి ఇచ్చిన అభయాన్ని, ఎన్నడో ఒకనాడు చెయ్యెత్తి ప్రార్థన చేసి ఆ తరువాత క్రీస్తు ముఖమే చూడనివారికి పంచిపెట్టడం వారికి చేసే కీడు.

చరిత్ర పాఠం మాత్రం తొందరగా ముగించారు. హాలెండు వేదాంతి అర్మీనియస్ చనిపోయిన మరుసటి సంవత్సరం, 1610లో, ఆయన అనుచరులు అక్కడ ఐదు అంశాల విన్నపం సమర్పించారు. నిజమైన విశ్వాసి పూర్తిగా తప్పిపోగలడా అన్నది లేఖనాలనుండి ఇంకా పరిశీలించవలసిన విషయమని వారు ఆ ఐదవ అంశంలో రాసుకున్నారు. 1618–19లో డోర్ట్ పట్టణంలో జరిగిన మహాసభ దానికి జవాబిస్తూ, దావీదు, పేతురు వంటి భక్తులు కూడా ఘోరంగా పడ్డారనీ, అయినా దేవుడు తనవారిని పూర్తిగా విడిచిపెట్టడనీ తీర్మానించింది. ఇంతవరకు బాగానే చెప్పారు. మిగిలిన సంఘాల దగ్గరకు వచ్చేసరికి ఒక్కొక్కరిని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో లూథరన్లు, నీతిమంతులుగా తీర్చబడినవారు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరనే బోధను ఖండించారు. 1547లో కథోలికుల ట్రెంట్ మహాసభ, మారణ పాపం (ఆత్మకు చావు తెచ్చే ఘోర పాపం) చేత కృప పోతుందనీ, పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) ద్వారా అది తిరిగి లభిస్తుందనీ ప్రకటించింది. మెతడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ గారు నిజమైన విశ్వాసి కూడా చివరకు నశించే అవకాశముందని బోధించారు. వీరిలో ఎవరూ ఆషామాషీగా మాట్లాడినవారు కారు. హాలులో కథోలిక, మెతడిస్టు కుటుంబాలనుండి వచ్చినవారు ఉన్నప్పుడు, వారి సంఘాల మాట వారి పత్రాలనుండే చదివి వినిపించి ఉంటే న్యాయంగా ఉండేది.

చీటీల మీద ప్రశ్నలు రాసి ఇచ్చే ఏర్పాటు బాగుంది. పేరు రాయనక్కరలేదు కనుక, నలుగురిలో నోరు విప్పలేనివారు కూడా అడగగలిగారు. ఒక సాయంత్రం తెరిచిన చీటీ బడిపిల్లల నోటుపుస్తకం నుండి చించిన సగం కాగితం. అక్షరాలు పెద్దపెద్దగా, పంక్తి దాటిపోతూ ఉన్నాయి. బాప్తిస్మం తీసుకొని ఎన్నో ఏండ్లు పాటలు పాడిన తన కొడుకు ఇప్పుడు తాగుడుకు బానిసై మందిరం గడప తొక్కడం లేదనీ, వాడు చనిపోతే ఎక్కడికి పోతాడో చెప్పండనీ ఒక తల్లి రాసింది. బోధకుడు చాలాసేపు ఆ కాగితాన్ని చేతిలోనే పట్టుకున్నారు. వాడు అసలు రక్షింపబడనే లేదని గాని, ఏమైనా రక్షింపబడినవాడే కాబట్టి దిగులు పడవద్దని గాని ఆయన అనలేదు. “అమ్మా, వాని హృదయం నాకు కనబడదు, నీకూ కనబడదు. నీ నమ్మిక తప్పిపోకుండునట్లు వేడుకొంటిని అని ప్రభువు పేతురుకు చెప్పింది అతడు ఆయనను ఎరుగనని బొంకడానికి ముందే. ఆ ప్రభువు దగ్గరే నీ కొడుకు కోసం మొరపెట్టు. వానికి మాత్రం, తిరిగి రా, తలుపు తెరిచే ఉందని చెప్పు” అన్నారు. సిద్ధాంతం ఒక మనిషి కన్నీటి ముందు నిలబడగలదా లేదా అన్నది అటువంటి చోటనే తెలుస్తుంది. ఆయన మాట నిలబడింది.

నేను మొదట చెప్పిన లోటు కూడా సరిగ్గా ఆ చీటీ దగ్గరే ఉంది. ఆ తల్లికి మొరపెట్టమని చెప్పారు. ఆ కొడుకు ఇంటికి ఎవరు వెళ్లాలన్నది చెప్పలేదు. మన పల్లె సంఘాల్లో తప్పు చేసినవానిని ప్రభు బల్లనుండి, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారంనుండి, వెలివేయడం త్వరగానే జరుగుతుంది. ఆ తరువాత అతని గుమ్మం ముందు నిలబడే పెద్ద ఒక్కడూ ఉండడు. కొరింథు సంఘంలో పాపం చేసినవానిని వేరుచేయమని మొదటి పత్రికలో చెప్పిన పౌలే, రెండవ పత్రిక రెండవ అధ్యాయంలో శిక్ష పొందిన ఒకనిని గూర్చి, అధిక దుఃఖంలో మునిగిపోకుండా అతన్ని క్షమించి ఆదరించమన్నాడు. గలతీ 6:1 ఆత్మసంబంధులైనవారిని సాత్వికమైన మనస్సుతో అలాంటివానిని మంచిదారికి తీసుకురమ్మంటుంది. విశ్వాసి చివరివరకు కాపాడబడతాడని బోధించే సంఘం, ఆ కాపుదలలో తన పెద్దల కాళ్లకు కూడా పని ఉందని బోధించకపోతే, ఆ బోధ సగంలోనే ఆగినట్టు. ఈ విషయానికి కనీసం ఒక పూర్తి సాయంత్రం కేటాయించవలసింది. చరిత్ర పాఠం కుదించినా ఫర్వాలేదు, దీన్ని మాత్రం వదలకూడదు.

ఇక ఏర్పాట్ల సంగతి. మైకు బాగా పనిచేసింది. పాటలకు ఇచ్చిన సమయం ఎక్కువై, దేవరకొండ, మిర్యాలగూడ వైపు బస్సు అందుకోవలసినవారు ప్రశ్నల వేళకు ముందే లేచిపోవలసి వచ్చింది. నోట్సులో అక్షరాలు చిన్నవి. కళ్లద్దాలున్న పెద్దవారు కూడా పక్కవారిచేత చదివించుకున్నారు. స్త్రీలకు చాపలు, పురుషులకు కుర్చీలు వేసిన పద్ధతి మార్చాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు అంతసేపు కింద కూర్చోలేకపోయారు. సంఘ పెద్దలు, సండేస్కూలు ఉపాధ్యాయులు, ముఖ్యంగా తాము నశించిపోతామేమోనని రాత్రులు నిద్రపట్టక బాధపడేవారు తప్పక హాజరు కావలసిన తరగతులివి. తరువాతి విడతలో గలతీ పత్రిక చెబుతామని నిర్వాహకులు ప్రకటించారు. వెళ్లేవారు తమ సొంత బైబిలు, రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం తీసుకెళ్లడం మంచిది. అక్కడ ఇచ్చే కాగితాల్లో రాసుకోవడానికి అంచు కూడా మిగల్చలేదు.