మిల్క్ కాటన్ ‘5 కేజీల కాంబో’ కొంటున్నారా? డబ్బు పంపకముందు ఇది చదవండి

ఇంటి దగ్గరే క్రోషే బొమ్మలు, బ్యాగులు, పిల్లల టోపీలు అల్లి అమ్ముకునేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. మిల్క్ కాటన్ అనే అల్లిక దారానికి ఇన్‌స్టాలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇలాంటి ప్రకటనలు తిరుగుతున్నాయి: ‘ప్యూర్ మిల్క్ కాటన్, 5 ప్లై, 50 గ్రాముల బాల్స్ 100, మొత్తం 5 కేజీలు, ఫ్యాక్టరీ ధర, రంగులు మేమే పంపుతాం, డబ్బు మొత్తం ముందే’. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక పేజీ మూసేసి ఇంకో పేరుతో తెరవడం వాళ్లకు ఎంతసేపు? పద్ధతి మాత్రం మారదు. అది తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

అలాంటి పార్సిల్ విప్పితే లెక్కకు 100 ఉండలూ ఉంటాయి. 50 గ్రాములని అచ్చేసిన ఉండను తూస్తే 43, 44 చూపిస్తుంది. మధ్యలో అట్ట గొట్టం ఉంటే దాని బరువూ అందులోనే. కొన్నిటికి చుట్టు కాగితమే (బ్యాండ్) ఉండదు, ఉన్నవాటి మీద లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు అద్దిన ఉండలకు వేసే నంబరు, ఉండదు. ఎరుపు, మెరూన్ తడి తగలగానే రంగు దిగుతాయి. ఒక్కో ఉండలో మూడు నాలుగు ముడులు. ఇదేమిటని అడిగితే ‘హోల్‌సేల్‌లో రిటర్న్ లేదండి, బ్యాండ్ తీసేశారు కదా’ అని ఒక మాట, ఆ తర్వాత బ్లాక్.

ముందు తూకం సంగతి. 5 కేజీలు 3000 రూపాయలంటే కేజీ 600 అనుకుంటాం. ఉండకు 43 గ్రాములే ఉంటే వచ్చింది 4.3 కేజీలు. 700 గ్రాములు, అంటే 14 ఉండల సరుకు, మనకు రానట్టే. కేజీ దాదాపు 698 పడింది. ఊళ్లో దుకాణంలో చేత్తో పట్టి చూసుకుని కొన్నా అంతే అయ్యేదేమో, పైగా కొరియర్ ఖర్చు మిగిలేది. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం చాలు. ఒక్క ఉండ తూసి ఊరుకోకండి. పదేసి ఉండలు ఒక కవర్లో వేసి, కవరు బరువు తీసేసి తూయండి. ఒక గ్రాము అటూ ఇటూ చూపించే మిషన్ మీద ఒక్క ఉండ లెక్క సరిగ్గా తేలదు, పది కలిపితే తేలుతుంది. వానాకాలంలో ఇంకో జాగ్రత్త ఉంది. నూలు, అంటే కాటన్, గాలిలోని తేమను పీలుస్తుంది. వ్యాపారంలో నూలుకు మామూలుగా ఒప్పుకునే తేమే 8.5 శాతం. చేతికి చల్లగా, ముక్కిన వాసనతో తగిలే సరుకును రెండు రోజులు ఫ్యాను గాలికి పరిచి మళ్లీ తూయండి. అప్పుడు తగ్గినదంతా మీరు డబ్బిచ్చి కొన్న నీళ్లు.

తూకం సరిపోయినంత మాత్రాన మోసం లేదనుకోవద్దు. మనకు పనికొచ్చేది గ్రాములు కాదు, మీటర్లు. దారం లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటే అదే 50 గ్రాములకు పొడవు తగ్గిపోతుంది. ప్యాటర్న్‌లో రెండు ఉండలని ఉన్న బొమ్మకు మూడోది విప్పాల్సి వస్తుంది, బొమ్మకు మీరు వేసుకున్న ధర అక్కడే దెబ్బతింటుంది. కొలవడం కష్టమేమీ కాదు. రెండు కుర్చీలను వెన్నులు ఎదురెదురుగా పెట్టి, ఒక చుట్టుకు సరిగ్గా 2 మీటర్ల దారం పట్టేలా దూరం సర్దండి. దారాన్ని లాగకుండా 25 చుట్లు చుడితే 50 మీటర్లు. అక్కడ కత్తిరించి ఆ ముక్కను తూయండి. కాగితం మీద 50 గ్రాములకు 100 మీటర్లని ఉంటే ఇది 25 గ్రాములు తూగాలి. 28 తూగిందంటే, నిండా 50 గ్రాములున్న ఉండలో కూడా 89 మీటర్లే వస్తాయి. ఆ ఉండ 43 గ్రాములదే అయితే 77 మీటర్లు కూడా లేవు. అసలు మీటర్లు ఎంతో రాయని సరుకును ధర చూసి కొనకపోవడమే మంచిది, పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి.

ప్లై అంకెకూ లావుకూ ముడిపెట్టకండి. 5 ప్లై అంటే ఐదు పోగులు పేనారని మాత్రమే. ఆ పోగులు ఎంత సన్నమో అది చెప్పదు. పేనిక వదులుగా ఉంటే హుక్కు పోగుల మధ్య దూరి దారం చీలుతుంది, పని సగం వేగానికి పడిపోతుంది. మీరు మామూలుగా వాడే హుక్కుతోనే, 2.5 మిల్లీమీటర్లయినా 3 అయినా, సింగిల్ క్రోషేలో 20 కుట్లు, 20 వరసలు అల్లి పక్కన పెట్టుకోండి. రెండు మూడు రంగుల్లో అల్లి ఒకదాని మీద ఒకటి పెడితే కాంబో అసలు రంగు బయటపడుతుంది. మిగిలిపోయిన రకరకాల దారాలను కలిపి కట్టిన కాంబోలో ఈ చతురస్రాలు ఒకే కొలతకు రావు. అలాంటి దారంతో బొమ్మ అల్లితే ఒళ్లు ఒక సైజు, చేతులు ఒక సైజు అవుతాయి.

ఇక ‘ప్యూర్’ అన్న మాట. మిల్క్ కాటన్‌గా అమ్మే దారంలో ఎక్కువగా నూలూ అక్రిలిక్కూ కలిసి ఉంటాయి, పాళ్లు కంపెనీని బట్టి మారతాయి. కలపడం తప్పు కాదు. బొమ్మలకు ఆ కలిపిన దారం మెత్తగా, చక్కగా కుదురుతుంది. కలిపినదాన్ని 100 శాతం నూలని చెప్పి అమ్మడమే మోసం. దాన్ని నమ్మి మనం మన కస్టమర్‌కు అదే మాట చెబితే ఆ అబద్ధం మన ఖాతాలో పడుతుంది. వేడి గిన్నెల కింద వేసే మ్యాట్లు, గిన్నె పట్టుకునే గుడ్డలు అల్లేవాళ్లకైతే ఇది ప్రమాదం కూడా. అక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది, కరుగుతుంది. ఎండాకాలం పసిపిల్లల టోపీ అక్రిలిక్‌తో అల్లితే తలంతా చెమటే.

తేల్చుకోవడానికి కాల్చి చూడడమే దారి. పది సెంటీమీటర్ల ముక్కను పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద, పక్కన నీళ్లు పెట్టుకుని, కిటికీ తెరిచి వెలిగించండి. ఆ సమయంలో సింథటిక్ చున్నీ వేసుకోవద్దు. నూలైతే చప్పున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మంట ఆరాక కూడా నిప్పు ఎర్రగా కాసేపు పాకుతుంది, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ మంట దగ్గరకు రాగానే ముడుచుకుంటుంది, నల్లటి పొగతో, ఘాటు వాసనతో కాలుతుంది, చల్లారాక గోటితో నొక్కినా నలగని నల్లపూస మిగులుతుంది. రెండూ కలిసి ఉంటే కొంత బూడిద, కొంత పూస. ఎంత శాతమో దీనితో తెలియదు, కలిసిందో లేదో మాత్రం తెలుస్తుంది. పూస వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు, చర్మానికి అతుక్కుంటుంది. ఈ పరీక్ష తెలుపు మీద ఒక్కటే చేస్తే చాలదు. కాంబోలో ఒక రంగు నూలూ ఇంకో రంగు పూర్తి అక్రిలిక్కూ ఉండొచ్చు.

రంగు దిగడం మాత్రం అల్లకముందే చూడాలి. అల్లాక చూస్తే వారం పని పోయినట్టే. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు, ముదురు ఆకుపచ్చ, వీటిలో ఒక్కో అడుగు దారం తీసుకుని తెల్ల దారంతో కలిపి పేని, గోరువెచ్చని సర్ఫు నీళ్లలో అరగంట నానబెట్టండి. తీసి తెల్ల నూలు గుడ్డలో పెట్టి గట్టిగా పిండండి. నీళ్లకు కాస్త రంగు వచ్చి, తెల్ల దారం తెల్లగానే ఉంటే ఒకటి రెండుసార్లు ఉతికి వాడుకోవచ్చు. తెల్ల దారం గులాబీ రంగుకు తిరిగితే ఆ ఎరుపును తెలుపు పక్కన పెట్టనే వద్దు. వెనిగర్లోనో ఉప్పు నీళ్లలోనో నానబెడితే రంగు గట్టిపడుతుందన్న సలహా ప్రతి గ్రూపులోనూ వినిపిస్తుంది. నూలుకు అది పనిచేయదు. పీచుకు అంటకుండా పైపైన మిగిలిపోయిన రంగు అది, కడిగి వదిలించాల్సిందే తప్ప వెనిగర్ దాన్ని లోపలికి పట్టించదు.

లాట్ నంబరు లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పెద్ద ఆర్డర్లను పాడుచేసేది అదే. ఒకే కలర్ కోడ్ అయినా వేరే బానలో అద్దితే ఛాయ తేడా వస్తుంది. రాత్రి ట్యూబులైటు కింద ఆ తేడా తెలియదు, ఫోటోలోనూ తెలియదు. కస్టమర్ ఇంట్లో పగటి వెలుతురులో శాలువా మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. ఉండలన్నీ పొద్దున పూట కిటికీ దగ్గర వరసగా పేర్చి చూడండి. తేడా ఉన్న దారమే వాడక తప్పకపోతే రెండు ఉండలను రెండేసి వరసల చొప్పున మార్చుకుంటూ అల్లితే కంటికి కలిసిపోతుంది. పైగా ఈ కాంబోల్లో ఒక్కో రంగు మూడో నాలుగో ఉండలే ఉంటాయి. మళ్లీ అదే రంగు కావాలంటే ‘స్టాక్ లేదు, ఇంకో కాంబో తీసుకోండి’ అంటారు.

ముడుల విషయంలో ఉండకు ఒకటి ఉంటే సర్దుకోవచ్చు. అంతకు మించితే, ప్రతి ముడి దగ్గరా కత్తిరించి ఇటు 15, అటు 15 సెంటీమీటర్ల కొసలు వదిలి లోపలికి దాచాలి. మిల్లు వేసిన ముడిని నమ్మి అలాగే అల్లేస్తే బొమ్మలో దూది నింపి బిగించేటప్పుడు ఊడుతుంది.

కాంబోతో ఉచితంగా ఇచ్చే బొమ్మ కళ్లను కూడా నమ్మవద్దు. కన్ను వెనక బిగించే వాషరు చివరిదాకా నొక్కినప్పుడు టక్కున కూర్చోవాలి, తర్వాత రెండు చేతులతో లాగినా రాకూడదు. వచ్చిందంటే ఆ ప్యాకెట్ మొత్తం పక్కన పడేయండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకైతే ఎంత మంచి కళ్లయినా వద్దు, దారంతో కుట్టేయండి.

డబ్బు పంపకముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట జీఎస్టీ నంబరు అడగండి. అందులో 15 అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, పంజాబ్‌కు 03. ‘లూధియానా ఫ్యాక్టరీ నుంచి నేరుగా’ అంటూ 03తో మొదలుకాని నంబరు ఇస్తే, బిల్లు ఏ ఊరి నుంచి వస్తుందో అడగండి. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే నంబరు కొట్టి పేరు, చిరునామా చూడొచ్చు. ఆ పేరుకూ యూపీఐలో కనిపించే పేరుకూ పొంతన లేకపోతే ఆగిపోండి. తర్వాత, మీకు నచ్చిన రంగుల్లో మూడు ఉండలు శాంపిల్‌గా అమ్మమనండి, కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోండి. కాంబో తప్ప విడిగా అమ్మనన్నారంటే విడిగా చూపించలేని సరుకన్నమాట. పీచు ఏమిటి, మీటర్లెన్ని, ఒక రంగు ఒకే లాట్‌లో ఎన్ని ఉండలు, తూకం తగ్గితే ఏం చేస్తారు, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు. హైదరాబాదులో బేగంబజారుకో, సికింద్రాబాదు జనరల్ బజారుకో వెళ్లగలిగినవాళ్లు మొదటి కొనుగోలు చేత్తో పట్టి చూసే చేయండి.

పార్సిల్ వచ్చాక కత్తెర తీయకముందే వీడియో మొదలుపెట్టండి, మధ్యలో ఆపవద్దు. ముందు కొరియర్ స్లిప్పు దగ్గరగా చూపించండి. బుక్ చేసిన బరువు చాలాసార్లు దాని మీదే ఉంటుంది. 5 కేజీల దారం అని చెప్పిన పెట్టె అట్టపెట్టెతో కలిపి 4.6 అని ఉంటే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అయితే కొరియర్ వాళ్లు పెట్టె కొలతల్ని బట్టి కూడా బరువు కడతారు, స్లిప్పు మీద అసలు బరువు ఏదో చూసుకోండి. తర్వాత పెట్టెను తూసి, విప్పి, ఉండలు లెక్కపెట్టి, పదేసి తూస్తూ తూకం అంకె కనిపించేలా తీయండి. పరీక్షకు మూడు ఉండలే తెరవండి, మిగతావాటి చుట్టు కాగితాలు కదపవద్దు. ఫిర్యాదు అదే రోజు వాట్సాప్‌లోనూ మెయిల్లోనూ పెట్టండి.

‘మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు హక్కులు మీకు రావు’ అని బెదిరిస్తారు. అది పూర్తి నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతకడానికే వాడుకునే సరుకు కొన్నవాళ్లు కూడా వినియోగదారులే. ఇంట్లో తానే అల్లి అమ్ముకునే మనిషి అందులోకి వస్తారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోబోనని అమ్మకందారు అనడం కుదరదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్లోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. డబ్బు తీసుకుని అసలు సరుకే పంపకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చేస్తేనే డబ్బు ఆపించే అవకాశం ఎక్కువ. రీఫండ్ ఇస్తామంటూ క్యూఆర్ పంపి స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా చేయవద్దు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఆ దారాన్ని పారేయకండి. రంగు దిగనిది కీచైన్లకు, గోడ అలంకరణలకు, పూలకు వాడండి. రంగు దిగేది ఒకే రంగుతో అల్లే, ఉతకని వస్తువులకు ఉంచండి. వేడి తగిలేవాటికీ పసిపిల్లలు నోట్లో పెట్టుకునేవాటికీ వద్దు. అమ్మేటప్పుడు వివరంలో ‘కాటన్’ అని కాకుండా ‘నూలు, అక్రిలిక్ కలిపిన దారం, చల్లటి నీళ్లలో విడిగా ఉతకండి, ఇస్త్రీ వద్దు’ అని రాయండి.