ప్రొబేషన్ వేరే రాష్ట్రానికి మార్పించుకోవడం: ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్‌తో మా అనుభవం, 3/5

అమెరికాలో ఒక రాష్ట్రంలో ప్రొబేషన్ (జైలుకు బదులు ఆఫీసర్ పర్యవేక్షణలో బయట ఉండే శిక్ష) పడి, అయినవాళ్లంతా ఇంకో రాష్ట్రంలో ఉంటే ఏం చేయాలో మనవాళ్లలో ఎవరినడిగినా తెలీదనే అంటారు, తెలిసినవాళ్లేమో పరువు పోతుందని నోరు విప్పరు, అందుకే రాస్తున్నాను. మా తమ్ముడికి రెండోసారి డీయూఐ (తాగి బండి నడపడం) కేసులో ప్రొబేషన్ వేశారు. ఉద్యోగం పోయింది, అక్కడ ఒంటరివాడు, నా దగ్గరికి తెచ్చుకుందామనుకున్నాం.

నిబంధనలు మాత్రం నిజంగా బాగున్నాయి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చడానికి రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందమే ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్, 50 రాష్ట్రాలూ ఇందులో ఉన్నాయి. 90 రోజులకు మించి ప్రొబేషన్ మిగిలుండాలి, ఇప్పటిదాకా షరతులు సరిగ్గా పాటించి ఉండాలి, వెళ్లే రాష్ట్రంలో కనీసం 180 రోజులుగా ఉంటున్న అక్కో అన్నో తల్లిదండ్రులో భార్యో సాయం చేస్తామని ముందుకు రావాలి, అక్కడ బతుకుతెరువు చూపించాలి. ఇవన్నీ ఉండి, ఇటువాళ్లు (శిక్ష వేసిన రాష్ట్రం) అప్లికేషన్ పంపితే, అటువాళ్లు (వెళ్లే రాష్ట్రం) మాకు ఇష్టం లేదు అనడానికి వీల్లేదు.

చిక్కంతా ఆ పంపడం దగ్గరే. మనం నేరుగా అప్లై చేయలేం, ఇటువైపు ప్రొబేషన్ ఆఫీసరే ఐకాట్స్ అనే సిస్టమ్‌లో పంపాలి. మావాడి ఆఫీసర్ మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కేసులకి ట్రాన్స్‌ఫర్ ఉండదని ఒక్కమాటలో తేల్చేశాడు. అది తప్పు! ఏడాది లేదా అంతకు మించి పర్యవేక్షణ ఉండి, రెండో డీయూఐ అయినా, ఎవరికైనా దెబ్బలు తగిలినా, తుపాకీ వాడినా మిస్‌డిమీనర్ కూడా దీని కిందికి వస్తుంది. లాయర్ ఆ రూల్ నంబరుతో సహా ఈమెయిల్ పెట్టాక పైఅధికారి ఫైలు కదిలించారు. తెలియనివాళ్లైతే అక్కడే ఆగిపోయేవాళ్లు, నాకు ఇప్పటికీ మండేది అదే.

అప్లికేషన్ అందాక అటు రాష్ట్రానికి 45 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరూ ఏమీ చెప్పరు, టెన్షన్ అంతా ఇంతా కాదు. అయినా అనుమతి రాకముందే సామాను సర్దుకుని వచ్చేయడం మాత్రం వద్దు, అది ప్రొబేషన్ ఉల్లంఘన కిందికి వస్తుంది. శిక్ష పడేనాటికే మనిషి అటు రాష్ట్రంలో ఉంటున్నాడంటే మాత్రం ముందుగా రిపోర్టింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (అక్కడ ఎప్పుడు, ఎక్కడ హాజరవ్వాలో చెప్పే ఆదేశాలు) అడగమనండి, దానికి రెండు పనిదినాల్లో జవాబివ్వాలి.

అప్లికేషన్ మీద ఇల్లు చూడ్డానికి మా రాష్ట్రం తరఫున వచ్చిన ఆఫీసరమ్మ ఎంతో మర్యాదగా మాట్లాడింది. తమ్ముడు పడుకునే గది చూసింది, ఫ్రిజ్ తలుపు తీసి మందు సీసాలున్నాయేమో చూసింది, తుపాకీ ఉందా అని అడిగింది, ఇంట్లో ఎవరెవరు ఉంటారో రాసుకుంది. భయపడాల్సిందేమీ లేదు, కానీ ఇంట్లో మందు ఉంటే ముందే తీసేయండి.

ఒక్క సంతకం మాత్రం చదివి పెట్టండి. తిరిగి రమ్మని మొదటి రాష్ట్రం పిలిస్తే ఎక్స్‌ట్రడిషన్ (పట్టుకుని వెనక్కి పంపడం) మీద పోరాడనని రాసివ్వాలి. ప్రొబేషన్ ఎన్నాళ్లన్నది కూడా ఆ రాష్ట్రం చేతిలోనే ఉంటుంది, వచ్చిన రాష్ట్రంవాళ్లు చూసేది పర్యవేక్షణ మాత్రమే. ఫీజులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, ముందే కనుక్కోండి.

రెండు స్టార్లు తగ్గించింది మనిషిని బట్టి మారిపోయే ఆ మొదటి మెట్టు కోసమే. తమ్ముడు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు, కౌన్సెలింగ్‌కి నేనే కారులో దింపి వస్తున్నాను. మీవాళ్లెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే, ఆఫీసర్ కుదరదంటే ఏ రూల్ ప్రకారమో రాసివ్వమని అడగండి.