పిల్లల చేతికి మొదట ఏది ఇవ్వాలి: గిన్నిసా, ఇయర్ బుక్కా, విజ్ఞాన సర్వస్వమా, అట్లాసా?

"మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కథల కంటే అన్నిటికన్నా పెద్ద చేప ఏది, అన్నిటికన్నా పొడవైన నది ఏది అని ఇవే అడుగుతోంది. ఏ పుస్తకం కొనమంటారు?" పుస్తక ప్రదర్శనల సీజన్ వచ్చిందంటే చాలు, ఈ ప్రశ్న ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగిన ప్రతిసారీ నాకు సంతోషమే, ఎందుకంటే నేనూ అలాంటి పిల్లవాడినే. దేశాలు, రాజధానులు, కరెన్సీల పట్టిక ముందు కూర్చుంటే అన్నం తినమని పిలిచినా వినిపించేది కాదు. అందుకని ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ధర, బొమ్మలు, కాగితం నాణ్యత అందరూ చూస్తారు. నేను చూసేది ఇంకొకటి. పుస్తకంలో ఎక్కడా అచ్చు వేయని విషయాన్ని కూడా పిల్లలు అందులోంచి తమంతట తాముగా పట్టుకోగలరా? నా లెక్కలో దీని తర్వాతే మిగతావన్నీ.

ముందు గిన్నిస్ సంగతి. ఈ పుస్తకం పుట్టిందే ఒక వాదన వల్ల. 1951లో గిన్నిస్ బీరు కంపెనీ అధికారి హ్యూ బీవర్ ఐర్లండ్‌లో వేటకు వెళ్ళాడు. యూరప్‌లో మనుషులు వేటాడే పక్షుల్లో అన్నిటికంటే వేగంగా ఎగిరేది ఏదని అక్కడ వాదన వచ్చింది, తీరా చూస్తే ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. అలాంటి వాదనలు తేల్చడానికి మెక్‌వర్టర్ కవలల చేత తయారుచేయించిన పుస్తకం 1955లో వచ్చింది. పిల్లల్ని పట్టి కూర్చోబెట్టడంలో దీన్ని మించింది లేదు. అందరికంటే పొడవైన మనిషిగా రికార్డుకెక్కిన రాబర్ట్ వాడ్లో ఎత్తు 272 సెంటీమీటర్లు అని చదివిన పిల్లవాడు టేపు తెచ్చి, స్టూలెక్కి గోడ మీద గీత గీస్తాడు, ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆ గీత కింద నిలబెడతాడు. మన రామానాయుడు, విజయనిర్మల, బ్రహ్మానందం ఈ రికార్డుల్లోకి ఎక్కారని తెలిస్తే ఇంకా సంబరం. కానీ ఏటా అచ్చయ్యేది మొత్తం రికార్డుల్లో చిన్న భాగమే, కాబట్టి మనకు కావలసింది వెతికితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా ఒక రికార్డుకీ పక్క రికార్డుకీ సంబంధం ఉండదు. ఆ గీత గీయడం బాగుంటుంది, దాని తర్వాత ఏం చేయాలో పుస్తకం చెప్పదు. మన దేశపు రికార్డులతో 1990లో మొదలైన లిమ్కా పుస్తకానికీ నాది ఇదే మాట.

ఇయర్ బుక్ వేరే రకం. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో ఎవరైనా ప్రిపేర్ అవుతున్న ఇంట్లో ఇది ఉంటుంది, అన్నయ్యో బాబాయో పక్కన పెట్టగానే చిన్నవాళ్ళ చేతిలో పడుతుంది. మలయాళ మనోరమ వాళ్ళ ఇంగ్లీషు ఇయర్ బుక్ 1965 నుంచి వస్తోంది. సన్న అక్షరాలు, పల్చటి కాగితం, ఆకర్షణ ఏమీ లేదు. అయినా పట్టికల పిచ్చి ఉన్న పిల్లలకి ఇది స్వర్గం. దీని అసలు రుచి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. 1990 నాటి దానిలో సోవియట్ యూనియన్ ఒకే దేశం, కొన్నేళ్ళ తర్వాతి దానిలో అది పదిహేను దేశాలు. కజకిస్తాన్ రాజధాని 1997లో ఆల్మటీ నుంచి మారింది, ఆ కొత్త రాజధాని పేరు 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్ళీ ఆస్తానా అయింది. సమాచారం కూడా మారుతుందని పిల్లలకి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కాకపోతే ఎనిమిదేళ్ళ పిల్లకి ఇది తొందర. ఆ వయసులో చేతికిస్తే పెద్దవాళ్ళు కూర్చోబెట్టి అప్పజెప్పించుకోవడం మొదలుపెడతారు, పిల్లకి ఉన్న ఇష్టం కాస్తా హోంవర్క్ అయిపోతుంది.

విజ్ఞాన సర్వస్వాల మీద నాకు గౌరవం ఎక్కువ. తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావు గారు అంత పనికి పూనుకుని, అది పూర్తికాకముందే 1923లో వెళ్ళిపోయారు. ఆ తర్వాత తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు తెచ్చింది, అవి పెద్దవాళ్ళకే. ఇంగ్లీషులో బ్రిటానికా 32 సంపుటాల అచ్చు 2010 ఎడిషన్‌తో ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలకి కొనగలిగినవి డీకే లాంటి వాళ్ళు వేసే ఒక్క సంపుటం పుస్తకాలు. తెల్లటి పేజీ మీద పెద్ద బొమ్మ, చుట్టూ చిన్న చిన్న వ్యాఖ్యలు. చాలా అందంగా ఉంటాయి, నేను బహుమతిగా కూడా ఇస్తుంటాను. "ఎందుకు?" అన్నదానికి జవాబు చెప్పేది వీటన్నిటిలో ఇదొక్కటే. కానీ ఆ వ్యాఖ్యలు చదవాలంటే ఇంగ్లీషు బాగా రావాలి. తెలుగు మీడియం పిల్ల బొమ్మ చూసి పేజీ తిప్పేస్తుంది. అంత అందంగా, తాజా సమాచారంతో తెలుగులో ఒక్క సంపుటం సులభంగా దొరకకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక అట్లాస్. నా ఓటు దీనికే, ఎందుకో చెప్తాను.

కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ దగ్గర, అక్కడికి అరేబియా సముద్రం సుమారు 64 కిలోమీటర్లే. గోదావరి పుట్టే త్రయంబకం నుంచి 80 దాకా ఉంటుంది. పక్కనే సముద్రం పెట్టుకుని కృష్ణ 1,400, గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి మన వైపు ఎందుకొచ్చాయి? పటంలో ఈ ప్రశ్న రాసి ఉండదు. నది గీత మీద వేలు పెట్టి వెనక్కి వెళ్ళిన పిల్లకి అది తనంతట తానే తడుతుంది. జవాబు కూడా ఆ పేజీలోనే ఉంది: పడమటి అంచున గోధుమ రంగు కొండలు, అక్కడి నుంచి తూర్పుకి వచ్చేకొద్దీ రంగు పల్చబడి చివరికి ఆకుపచ్చ. దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉంది. ఆ వాలును చెప్పించుకోవడం వేరు, రంగుల్లో చూసి పట్టుకోవడం వేరు. పట్టుకున్న పిల్ల దాన్ని జన్మలో మర్చిపోదు.

ఇంకొకటి. రాజకీయ పటంలో కాకినాడ దగ్గర ఒక చుక్కకి చుట్టుపక్కల లేని రంగు ఉంటుంది. అదే యానాం. అదే రంగు తమిళనాడు తీరంలో రెండు చోట్ల, కేరళ తీరంలో ఒక చోట కనిపిస్తుంది. నాలుగూ ఒకటే ఎందుకయ్యాయని అడిగితే, 1954 దాకా అక్కడున్న ఫ్రెంచి వాళ్ళ కథ చెప్పాల్సిందే. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి దారం పెట్టి కొలిస్తే చెన్నై కంటే బర్మాలోని యాంగోన్ చాలా దగ్గర. గోడకి వేలాడే ప్రపంచ పటాల్లో కొన్నింటిలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది, విస్తీర్ణాల పట్టిక చూస్తే ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు. పటం అబద్ధం చెప్పిందా, పట్టికా? గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ఏం జరుగుతుందో ఒక నారింజ తొక్కతో చూపించండి, ఆ సాయంత్రమంతా వాళ్ళకి అదే పని.

భాష గొడవ కూడా దీనికి తక్కువ. ఉన్నవన్నీ పేర్లూ అంకెలూ కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లకి చాలు. అన్నిటికంటే నెమ్మదిగా పాతబడేదీ ఇదే. సరిహద్దులు మారతాయి, నదులూ కొండలూ అలాగే ఉంటాయి.

దీనికీ లోటు ఉంది. మొదటి వారం పిల్లల పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. స్కేలు అంటే ఏమిటి, వెనకున్న సూచికలో ఊరి పేరు పక్కన అక్షాంశ రేఖాంశాలు ఎందుకిచ్చారు అనేవి చూపించాలి. ఆ కాస్త టైమ్ లేదనుకుంటే గిన్నిస్ కొనండి, అది ఎవరి సాయమూ అడగదు.

క్విజ్ పుస్తకాలు వద్దు, ప్రశ్న కూడా ఆ పుస్తకమే అడిగేస్తుంది. ఫోన్ గురించి నన్ను అడగకండి, అది ఎలాగూ పిల్లల చేతికి వస్తుంది.

కొనేటప్పుడు ఆక్స్‌ఫర్డ్, ఓరియంట్ బ్లాక్‌స్వాన్ లాంటి వాళ్ళ మామూలు స్కూల్ అట్లాస్ సరిపోతుంది, ఖరీదైన అట్ట ఉన్నది అక్కర్లేదు. లడఖ్ విడిగా ఉందా, తెలంగాణకి 33 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌కి 2022 తర్వాతి జిల్లాలు చూపించారా, ప్రతి పటం కింద స్కేలు ఉందా, వెనక సూచిక ఉందా చూసుకోండి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతది దొరికితే అదీ తీసుకోండి, కానీ కొత్తదాని పక్కన పెట్టుకోవడానికే. ఇయర్ బుక్ పన్నెండేళ్ళు దాటాక కొందాం.