రెండో మానిటర్‌కి ఏది మేలు: మదర్‌బోర్డు పోర్టా, గ్రాఫిక్స్ కార్డా, యూఎస్‌బీ అడాప్టరా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలో డీటీపీ చేసే మనవాళ్లకి రెండో మానిటర్ సోకు కాదు, అవసరం. ఒకే పెళ్లికార్డులో ఓ పక్క ఒడియా, ఓ పక్క తెలుగు. కార్డు వేయించుకునే పార్టీ వాట్సాప్‌లో పంపిన చేతిరాత ఒక తెర మీద, కంపోజింగ్ ఇంకో తెర మీద ఉంటే ఇంటిపేర్లలో తప్పులు బాగా తగ్గుతాయి.

ఏదైనా కొనేముందు సీపీయూ వెనక్కి తిప్పి చూడండి. మదర్‌బోర్డు మీద మానిటర్ తగిలించే హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులు రెండూ ఉండి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే ఇక కావాల్సింది ఒక్క కేబులే. ఇంటెల్ 2012లో తెచ్చిన ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్ల నాటికే లోపలి గ్రాఫిక్స్ మూడు తెరలు నడిపే స్థాయికి వచ్చింది, టైపింగ్ పనికి రెండు తెరలంటే దానికి లెక్కే కాదు. విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ (రెండు తెరల మీదా వేరువేరుగా కనపడే పద్ధతి) పెట్టుకోవడమే. అయితే ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే, ఐ5 12400ఎఫ్ లాగా, అందులో గ్రాఫిక్స్ ఉండదు. అప్పుడు బోర్డు పోర్టులు ఉన్నా లేనట్టే.

మూడు మానిటర్లు కావాలన్నా, పెళ్లి వీడియోల ఎడిటింగ్ ఉన్నా విడిగా గ్రాఫిక్స్ కార్డే మేలు. కొనేటప్పుడు పోర్టులు లెక్కపెట్టండి: జీటీ 1030 కార్డుకి సాధారణంగా రెండే ఉంటాయి, జీటీఎక్స్ 1650లో చాలా మోడళ్లకి మూడు. కార్డు పెట్టాక మానిటర్లన్నీ దానికే తగిలించండి. చాలా బోర్డులు కార్డు కనపడగానే లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, రెండూ కలిపి వాడాలంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకోగల బోర్డు సెట్టింగుల్లో) ఆన్ చెయ్యాలి.

డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ బొమ్మను ప్రాసెసర్ చేత కుదించి పంపుతుంది. డ్రైవర్ వేసుకోవాలి, ప్రాసెసర్ మీద బరువు పడుతుంది. వర్డ్, ఎక్సెల్‌కి ఫరవాలేదు, వీడియో మాత్రం తడబడుతుంది. ఒకే పోర్టున్న ల్యాప్‌టాప్‌కి, బయట ఒక్క మానిటర్‌నే ఒప్పుకునే ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఇది పనికొస్తుంది. డెస్క్‌టాప్‌కి నేనైతే కొనమని చెప్పను.

చవగ్గా వస్తోందని హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అసలు తీసుకోకండి. అది రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది, మన పనికి సున్నా. ఒకే పోర్టు నుంచి వేరువేరు తెరలు కావాలంటే డిస్‌ప్లేపోర్ట్‌ అనే పోర్టుకి తగిలించే ఎంఎస్‌టీ హబ్ (ఒక పోర్టు నుంచి వేరువేరు తెరలకి వేరువేరు బొమ్మలు పంపే పెట్టె) అడగండి. విండోస్‌లో బాగానే నడుస్తుంది, మ్యాక్‌లో మాత్రం ఆ రెండు తెరల మీదా ఒకటే కనపడుతుంది.

కరెంటు పోయే ఊళ్లలో రెండో మానిటర్‌ని కూడా యూపీఎస్‌కే పెట్టండి, 22 అంగుళాల ఎల్‌ఈడీ తెర తినేది సుమారు 20 వాట్లే.