పళ్లికరణై పక్షులకు నికాన్ పి950: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలలో పక్షి మన దగ్గరికి రాదు, మనం నీళ్లలోకి దిగలేం. చలికాలంలో అక్కడి రేడియల్ రోడ్డు అంచున నిలబడితే పింటెయిల్, గార్గనీ బాతులు దూరంగా చుక్కల్లా కనబడతాయి. ఇలాంటి చోటికి నికాన్ పి950 కెమెరా చక్కగా సరిపోతుంది. 83 రెట్ల జూమ్ 2000 ఎంఎం దాకా వెళ్తుంది, బరువు కిలో. 3000 ఎంఎం అందే నికాన్ పి1000 దాదాపు కిలోన్నర తూగుతుంది. నడుస్తూ తీసేవాళ్లకి అది భారమే.

దీంట్లో మాకు బాగా నచ్చింది లెన్సు పక్కనున్న స్నాప్-బ్యాక్ బటన్. పూర్తి జూమ్‌లో పక్షి ఫ్రేములోంచి జారిపోతే ఆ బటన్ నొక్కి పట్టండి, దృశ్యం వెడల్పవుతుంది. పక్షిని మధ్యకు తెచ్చుకుని వదిలితే జూమ్ మళ్లీ పాత చోటికే చేరుతుంది.

డయల్ మీది పక్షి మోడ్ కొత్తవాళ్లకు చాలు. చేయి తిరిగాక షట్టర్ వేగం మనమే పెట్టుకునే ఎస్ మోడ్‌కి మారండి: నిలబడ్డ పక్షికి సెకనులో 1/500 వంతు, ఎగిరేదానికి 1/1600. వెలుతురు గ్రహించే స్థాయి, అంటే ఐఎస్ఓ, 400 దాటనివ్వకండి. సెన్సర్ చిన్నది కాబట్టి, దాటితే ఈకల గీతలు అలుక్కుపోతాయి. అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్6.5 దగ్గరే ఉండేలా చూసుకోండి, ఎఫ్8కి తగ్గితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, పదును ఇంకా పోతుంది. నలుపు తెలుపుల నీటిపక్షి బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్‌ని మామూలు ఎక్స్‌పోజర్‌లో తీస్తే నల్ల రెక్క బాగానే వస్తుంది కానీ రొమ్ము వట్టి తెల్ల మచ్చ అవుతుంది. ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7కి తగ్గించి, కుదించని రా ఫైల్‌గా తీసుకుంటే ఆ తెలుపులో ఈకలు నిలుస్తాయి.

శీతకాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అందుకే రోడ్డుకి ఉత్తరం వైపు నీళ్లను చూస్తే వెలుగు మన వెనక నుంచి పడుతుంది. పొద్దెక్కితే నీటి మీద వేడి గాలి అలలాడుతుంది. అప్పుడు బొమ్మ మసకబారితే తప్పు ఫోకస్‌ది కాదు, ఆ అలలు కూడా 2000 ఎంఎంలో పెద్దవై పడతాయి. ఏ లెన్సుకైనా ఇదే గతి, కాబట్టి తెల్లవారగానే వెళ్లండి. కారులో ఏసీని దిగడానికి పావుగంట ముందే ఆపేయండి, లేదంటే చెన్నై ఉక్కకి లెన్సు అద్దం మీద ఆవిరి పడుతుంది.

చెన్నైలోనే ఉన్న గిండీ పార్కు చెట్ల నీడల్లో వార్బ్లర్లు, పిట్టా లాంటి చిన్న పక్షులకు మాత్రం ఇది కొనకండి. ఆ వెలుతురులో షట్టర్ వేగం బాగా పడిపోతుంది. ఎగిరే పక్షులకూ అంతంతే: సెకనుకు 7 చొప్పున 10 ఫ్రేములు తీశాక కార్డు మీద రాసుకునేదాకా ఆగాల్సిందే. బ్యాటరీ కంపెనీ లెక్కన 290 ఫోటోలు, జూమ్ ఎక్కువగా వాడితే ఇంకా తక్కువ. ఈఎన్-ఈఎల్20ఎ రకం బ్యాటరీ ఇంకోటి జేబులో పెట్టుకోండి.