అమెరికా ఫిల్మ్ ఎంఎఫ్ఏ: చదువు సరే, చెల్లింపు మాటేమిటి?

అమెరికా విశ్వవిద్యాలయాలు సినిమా దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం వంటి విభాగాల్లో ఇచ్చే ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పట్టాను ఒక కొనుగోలుగా భావించి, దాని దరఖాస్తు పద్ధతి ఎలా ఉంది, ధర ఎంత, ఆ ధర చెల్లించడానికి తెలుగు మధ్యతరగతి కుటుంబానికి దొరికే అప్పు ఎలాంటిది అన్న విషయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. మా మేనకోడలి దరఖాస్తులకు తోడుగా ఉండి, విద్యారుణానికి సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టిన అనుభవం దీనికి ఆధారం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ స్కూలు సీటిచ్చిందన్నది కాక, ఏ స్కూలు ఎంత ఫీజు తగ్గించిందన్నది చూసి నిర్ణయం తీసుకోవలసిన చదువు ఇది.

దరఖాస్తు పద్ధతికి మంచి మార్కులే వేయాలి. చాలా స్కూళ్లు జీఆర్ఈ (అమెరికా పైచదువుల ప్రవేశ పరీక్ష) అడగవు. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేశారన్న పట్టింపు కూడా లేదు కనుక బీటెక్ చదివినవారు నిస్సంకోచంగా ప్రయత్నించవచ్చు. ఎందుకు సినిమా తీయాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, రాసిన సన్నివేశాలు, తీసిన చిన్న చిత్రం లేదా ఫొటోలు, సిఫార్సు లేఖలు, నచ్చితే ఇంటర్వ్యూ: ఇంతే. గడువులు ఎక్కువగా నవంబరు, జనవరి నెలల మధ్య ముగుస్తాయి. రుసుము ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎంసెట్ ర్యాంకుతోనే పిల్లల తెలివిని అంచనా కట్టే మన ఇళ్లలో, ర్యాంకు లేని ఈ ఎంపిక మొదట కొంత అనుమానం కలిగించే మాట నిజమే గానీ, అభ్యర్థి దృక్కోణాన్ని పరీక్షించడానికి ఇంతకంటే సరైన పద్ధతి నాకు తోచలేదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలు ఎంఎస్ విద్యార్థులకు రాసిచ్చే అచ్చు వ్యాసాలు ఇక్కడ ఎందుకూ పనికిరావు. తెనాలిలో పెరిగిన అమ్మాయి తెనాలి గురించి రాస్తేనే స్కూళ్లకు ఆసక్తి.

ధర దగ్గరే చిక్కు మొదలవుతుంది. న్యూయార్క్ యూనివర్సిటీ, కొలంబియాల్లో పూర్తిస్థాయి ఏడాదికి ట్యూషన్ ఒక్కటే 60,000 డాలర్లు దాటుతుంది. దానిపైన ఆ నగరంలో అద్దె, తిండి, ఆరోగ్య బీమా, ఆ పైన డిగ్రీ చివర తీయవలసిన థీసిస్ చిత్రం ఖర్చు ఉంటాయి. ఈ చివరిదాన్ని మనవాళ్లు లెక్కలో వేయడం మరిచిపోతారు. చాలాచోట్ల విద్యార్థే చందాలు పోగుచేసుకొని ఆ చిత్రం తీయాలి. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ మాత్రం విద్యార్థుల చిత్రాల నిర్మాణ వ్యయాన్ని తానే భరిస్తుంది. హక్కుల విషయంలోనూ తేడాలున్నాయి: న్యూయార్క్ యూనివర్సిటీలో తీసిన చిత్రం విద్యార్థిదే, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)లో కోర్సు కోసం తీసిన చిత్రంపై హక్కు స్కూలుది. ఇన్ని లక్షలు పోసి తీసిన దానిపై మీకే హక్కు లేదంటే ఎలా ఉంటుందో, చేరకముందే ఆలోచించుకోవాలి.

ఇంత ధరకు తగిన రాబడి ఉందా? 2021లో వాల్‌స్ట్రీట్ జర్నల్ వెల్లడించిన లెక్క ప్రకారం, కొలంబియా ఫిల్మ్ కోర్సు పూర్తిచేసినవారిలో ప్రభుత్వ రుణం తీసుకున్నవారి మధ్యస్థ అప్పు (సగం మందికి అంతకు ఎక్కువ, సగం మందికి తక్కువ) 1,81,000 డాలర్లు. పట్టా వచ్చిన రెండేళ్లకు వారిలో సగం మంది సంపాదన ఏడాదికి 30,000 డాలర్లలోపే. ఇది అమెరికా పౌరుల సంగతి. వారికి కోర్సు ఖర్చంతా అప్పుగా ఇచ్చిన గ్రాడ్ ప్లస్ రుణాలను, 2025లో చేసిన చట్టం కొత్తవారికి 2026 జులై 1 నుంచి నిలిపివేసింది; ఇలాంటి కోర్సులకు ఇకపై ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు మించదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగి, ఇంజినీరింగ్ వద్దని సినిమా వైపు చూస్తున్న మన పిల్లల తల్లిదండ్రులు గమనించవలసిన మార్పు ఇది. ఇక్కడి నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాపై వెళ్లేవారికి ఆ రుణాలు ఎప్పుడూ లేవు.

మనకున్నది బ్యాంకు విద్యారుణం. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం పేరు విని చాలామంది ఆశపడుతున్నారు గానీ, అది దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం. విదేశీ చదువుకు పాత పద్ధతే. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ప్రభుత్వరంగ బ్యాంకులు సాధారణంగా స్థిరాస్తి తనఖా అడుగుతాయి. మొత్తం ఖర్చులో 15 శాతం దాకా మార్జిన్‌గా మనమే పెట్టుకోవాలి. మేము వెళ్లిన ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలో మెట్ట పొలం పాసుపుస్తకాలను పక్కన పెట్టి, పట్టణంలో ఉన్న ఇంటి కాగితాలే కావాలన్నారు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాను మంజూరు పత్రం, లాయరు అభిప్రాయం, ఇంజినీరు వాల్యుయేషన్, మూడేళ్ల ఐటీ రిటర్నులు అన్నీ సమర్పించాక కూడా ఫైలు కదలలేదు. కారణం అడిగితే మేనేజరు నొచ్చుకుంటూనే, “కంప్యూటర్స్ అయితే ఈపాటికి శాంక్షన్ అయిపోయేదండీ, సినిమా చదువంటే పైవాళ్లకు నేనేమని రాయను?” అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. చదువు ముగిశాక వచ్చే జీతాన్ని బట్టి అప్పు అంచనా వేసే పద్ధతిలో, నిలకడైన జీతమే లేని వృత్తికి గడి లేదు. తనఖా అడగని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు వడ్డీ ఎక్కువ వేయడమే కాక, కోర్సు పేరు విని మరింత ముఖం చాటేస్తాయి.

అప్పు దొరికిందనే అనుకుందాం. మూడేళ్ల కోర్సుకు 50 లక్షలు, ఏటా మూడో వంతు చొప్పున విడుదలై, వడ్డీ 10.5 శాతం అయితే, కోర్సు కాలం, ఆపైన ఏడాది వెసులుబాటు ముగిసేసరికి సాధారణ వడ్డీతోనే బాకీ దాదాపు 66 లక్షలవుతుంది. దానిని 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 72,000 రూపాయలకు పైన వాయిదా కట్టాలి. పైగా 50 లక్షలంటే నేను పైన చెప్పిన న్యూయార్క్ ట్యూషన్‌లో ఒక ఏడాదికి కూడా చాలదు. పాత ఆదాయపన్ను విధానంలో ఉంటే ఎనిమిదేళ్లపాటు వడ్డీకి మినహాయింపు దొరుకుతుంది. బ్యాంకు అప్పు నుంచి పంపే ఫీజుపై టీసీఎస్‌ను (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలుచేసే పన్ను) 2025 బడ్జెట్ తీసేసింది. మంచివే గానీ, వాయిదా భారం ముందు ఇవి చిన్నవి.

డాలర్లలో సంపాదించి తీర్చవచ్చు కదా అన్నది మన ఇళ్లలో వినబడే సమాధానం. చదువుతున్నప్పుడు సెమిస్టరు రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయడానికి లేదు. పట్టా తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి) 12 నెలలు. కంప్యూటర్ సైన్స్ వారికి దొరికే 24 నెలల పొడిగింపు సినిమా నిర్మాణం చదివినవారికి సాధారణంగా వర్తించదు. ఒక్కో చిత్రానికి ఒక్కో నిర్మాత దగ్గర పనిచేసే రంగంలో హెచ్-1బీ ఉద్యోగ వీసా కోసం స్థిరమైన యజమానిని చూపడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే డబ్బిచ్చే స్కూళ్ల జాబితా ముందు తయారు చేసుకోవాలి. టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లోని మిచెనర్ సెంటర్ మూడేళ్ల రచనా ఎంఎఫ్ఏలో స్క్రీన్‌ప్లే కూడా ఒక విభాగం. చేరినవారందరికీ ట్యూషన్ మాఫీ, జీవనభృతి రెండూ ఇస్తుంది. ఏటా తీసుకునేది డజను మందినే కనుక పోటీ తీవ్రం. కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో టీచింగ్ అసిస్టెంటుగా చేరితే ఫీజులో భాగం తగ్గుతుంది. మన దగ్గర నుంచి ఏ రంగంలోనైనా పైచదువుకు వెళ్లేవారికి జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ ఉపకారవేతనం (తిరిగి చెల్లించవలసినది) ఇస్తుంది. వీటితోపాటు, కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రాయ్ ఫిల్మ్ సంస్థలకూ అదే ఏడాది దరఖాస్తు పెట్టి ఉంచడం నా దృష్టిలో తప్పనిసరి. చాలా విభాగాల్లో సీట్లు పదీ పన్నెండుకు మించవు గానీ, అక్కడి ఫీజు కోసం ఇల్లు తనఖా పెట్టనక్కరలేదు. తెలుగు సినిమాకు కె.కె. సెంథిల్ కుమార్ వంటి ఛాయాగ్రాహకుణ్ణి ఇచ్చింది పుణెనే.

అడ్మిషన్ లేఖతోపాటు ఆర్థిక సహాయ లేఖ రాకపోతే సీటు వచ్చిందని సంతోషించి ఊరుకోకుండా, వేరే స్కూలు ఇచ్చిన మొత్తాన్ని ప్రస్తావిస్తూ విభాగానికి మర్యాదగా రాసి అడగాలి. మా విషయంలో అలా అడిగాకే కొంత తగ్గించారు. సహాయం ఇవ్వజూపిన స్కూళ్లలో చాలావాటికి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పే వీలుంటుంది కాబట్టి, అంతకుముందే డిపాజిట్ కట్టమని తొందరపెడితే గడువు పెంచమని కోరవచ్చు. ఐ-20 (వీసాకు అవసరమైన, స్కూలు ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడే నిధులు చూపితే చాలు, కానీ బ్యాంకును మొత్తం కోర్సుకు శాంక్షన్ లెటర్ ఇమ్మనే అడగండి, ఎందుకంటే రెండో ఏడాది మధ్యలో కొత్త ఫైలు తెరవడానికి ఏ శాఖా ఇష్టపడదు.