బొబ్బిలి యుద్ధం బుర్రకథ: దళాన్ని పిలిచే కమిటీల కోసం ఒక సమీక్ష

జాతరలకీ దసరా పందిళ్లకీ బొబ్బిలి యుద్ధం చెప్పే దళాలు విజయనగరం జిల్లాలో ఇంకా ఉన్నాయి. రాజాం వైపు నుంచి వచ్చే ఈ ముగ్గురి దళాన్ని విడిగా చెప్పుకోవాలి. చచ్చినవాడి తలరాత అంతే అనేసి కథని గట్టెక్కించే అలవాటు వీళ్లకి లేదు.

1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాడు. శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనీ పిల్లల్నీ కోటలోని సొంతవాళ్లే చంపుకున్నారు. కొద్ది రాత్రులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచేశాడు. ఇదంతా మన పిల్లలకి కూడా తెలుసు. ముగింపు తెలిసిన కథకి జనం రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవాలంటే, ప్రతి మలుపులోనూ ‘అయ్యో, ఇక్కడైనా ఆగుంటే!’ అనిపించాలి. విజయరామరాజు విషయంలో ఈ కథకుడు అది సాధించాడు.

విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ ఘట్టం చూడండి. అన్నకి గండం ఉందని ఆవిడకి ముందే తెలిసిందని, యుద్ధం వద్దని బతిమాలిందని మన స్థలకథ. చాలా దళాలు దీన్ని రెండు చరణాల్లో దాటేస్తాయి. వీళ్లు మాత్రం ఇక్కడ వేగం తగ్గిస్తారు. కథకుడు తాళం వేసే బొటనవేలి అందెని ఆపేస్తాడు, తంబురా ఒక్కటే మోగుతుంది, కుడివైపు వంత (కథకుడికి తోడు పలికేవాడు) తన గుమ్మెట అనే చర్మవాద్యం మీద ఒక్క వేలితో తడతాడు. చెల్లెలు చెప్పిందంతా రాజు వింటాడు. విని, కాసేపు తటపటాయించి, బొబ్బిలి మీద పాత పగ గుర్తు తెచ్చుకుని లేస్తాడు. ఆ తటపటాయింపులోనే ఉంది కథంతా. హెచ్చరిక దైవం పంపింది, దాన్ని తోసేసింది మాత్రం అతని పంతం. గ్రీకుల ఈడిపస్ కథా ఇలాగే నడుస్తుంది: తండ్రిని చంపుతాడని జోస్యం ముందే ఉంది, కానీ మూడు దారులు కలిసేచోట ఎదురైన ముసలాయన మీద చెయ్యెత్తించింది అతని కోపం. పతనమయ్యే నాయకుడు మరీ పుణ్యాత్ముడూ మరీ దుర్మార్గుడూ కాకూడదు, ఏదో పొరపాటుతో పడిపోవాలి అన్నాడు అరిస్టాటిల్. ఆ కొలతకి ఈ కథలో సరిగ్గా సరిపోయేది విజయరామరాజే. వీరుడి పేరు బొబ్బిలి వాళ్లకి వదిలేసి విషాదాన్ని ఇతనికిచ్చిన ధైర్యానికి దళాన్ని మెచ్చుకోవాలి.

రంగారావు దగ్గర మాత్రం తేలిపోయారు. ఆయనలో ఒక్క లోపమూ చూపించరు. తప్పంతా బుస్సీది, కుట్ర చేసినవాళ్లది, పాపారాయుడికి వార్త ఆలస్యంగా చేర్చిన కాలానిది. బొబ్బిలి వదిలితే వేరేచోట భూములిస్తామని బుస్సీ కబురంపాడని, రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడని ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ రాశాడు. ఆ ‘వద్దు’ అనడంలో ఆయన గొప్పతనం ఉంది, కోటలోని పిల్లల చావూ ఉంది. ఆ ఒక్క ఘట్టాన్ని పది నిమిషాలు చెబితే చివరి ఊచకోత గుండెని పిండేస్తుంది. అది లేక రంగారావు దెబ్బ తిన్న మంచివాడిగా మిగిలిపోతాడు. జాలి కలుగుతుంది గానీ భయం కలగదు.

ఇంకో లోటు హాస్యపు వంతది. మనిషి చురుకైనవాడే, గొంతూ బాగుంది. కానీ పైడిమాంబ ఏడుపు అయిన వెంటనే కరెంటు బిల్లుల మీద జోకులేస్తే, అంతసేపు కట్టిన బిగువంతా పోతుంది. హాస్యాన్ని కోడిపందేల ఘట్టం వరకే ఉంచమని బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి, వింటారు.

కుదించిన గంట కథ కూడా చెబుతారు. తీసుకోవద్దు. అందులో ముందు ఎగిరిపోయేది చెల్లెలి ఘట్టమే. అది లేకపోతే డేరాలో హత్య ఉత్త పగ తీర్చుకోవడమే అవుతుంది, ఈలలు పడతాయి, అంతే.

మైకులు మూడు పెట్టండి. కథకుడిది నోటి ఎత్తున, వంతలవి ఛాతీకి కొంచెం కింద, గుమ్మెట మూతికి మరీ దగ్గర కాకుండా. అందరికీ ఒకే మైకు పెడితే మోతలో మాట మునిగిపోతుంది, పద్యం అర్థం కాదు. మంచు కురిసే నెలల్లో ఆరుబయట అయితే గుమ్మెట చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది. వేదిక వెనక కాస్త నిప్పు సెగ ఏర్పాటు చేసి, విరామంలో గుమ్మెటని కాచుకోనివ్వాలి. రాత్రి తొమ్మిదికల్లా మొదలుపెట్టించండి. కోట పడే ఘట్టం పదకొండు దాటాక వస్తుంది. ఇంకా ఆలస్యమైతే పిల్లలున్నవాళ్లు అప్పటికే లేచి వెళ్లిపోతారు.